బీరువా వెనక థర్మోస్టాట్

మొన్న షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్తే, భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాయన పలకరింపుగా "మీరేం చేసేవారండీ?" అని అడిగాడు. "థర్మోస్టాట్లు చూసేవాణ్ణి" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. "ఏ కంపెనీ అండీ? హార్డ్‌వేరా, యాప్ సైడా?" అన్నాడు. స్క్రూడ్రైవర్ సైడని చెప్పాను. ఆయన వెంటనే ముద్దపప్పు మీద దృష్టి పెట్టాడు.

ఆ మాట ఎదురుగా కూర్చున్న అన్విత చెవిన పడింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. కాలేజీ మధ్యలో వదిలేసి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరిందట. ఆ సంగతి వాళ్లమ్మ ఇంకా ఎవరికీ చెప్పుకోలేదని, ఆవిడ నావైపు చూసిన చూపులోనే తెలిసింది. "అంకుల్, మీరు నాకు చెప్పు. జాబ్ రియల్‌గా ఎలా ఉంటది? ట్రెయినింగ్‌లో చెప్పేది కాదు" అంది. పాయసం వచ్చేలోపు ముగిసే కబురు కాదు కాబట్టి ఇంటికొచ్చి రాస్తున్నాను. అమ్మాయ్, తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మచేత చదివించుకో. ఆవిడకీ కొంత తెలిసొస్తుంది.

నేను తెనాలిలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, మా అక్క స్పాన్సర్ చేస్తే ఇక్కడికొచ్చినవాణ్ణి. షికాగో శివార్లలో అపార్ట్‌మెంట్లు నడిపే ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. మధ్యలో ప్రమోషన్లు వచ్చాయి. వాటి గురించి రాయడానికేమీ లేదు, చొక్కా రంగు మారింది.

గదికో తగువు

మా కంపెనీ బిల్డింగుల్లో ఎక్కువ పాతవి. ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లే దిక్కు. అంటే గోడ అడుగున, మామూలుగా కిటికీ కింద, నేలకి దగ్గరగా బిగించిన పొడుగాటి రేకు పెట్టె. లోపల కరెంటుతో కాగే కడ్డీ, దానికి పల్చటి రేకు రెక్కలు. ఫ్యాను లేదు, మోత లేదు. చల్లగాలి కింద దూరి, వేడెక్కి పైనుంచి వస్తుంది. దాన్ని ఎప్పుడు వెలిగించాలో ఎప్పుడు ఆపాలో చూసుకునేది గోడ మీది థర్మోస్టాట్.

ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఒకే ఫర్నేస్ ఉన్నచోట ఇంటికొక థర్మోస్టాట్, ఇంటికొక తగువు. బేస్‌బోర్డ్ ఉన్నచోట గదికొక థర్మోస్టాట్. తగువుల లెక్క నువ్వే వేసుకో. నా ఉద్యోగంలో సగం వైర్లయితే సగం మధ్యవర్తిత్వం. భార్య తగ్గించిందని భర్త, భర్త పెంచాడని భార్య, ఇద్దరూ కలిసి అత్తగారి మీద, చివరికి అందరూ కలిసి థర్మోస్టాట్ మీద పడతారు. పాపం దానికి నోరు లేదు.

దానికి తెలిసిందల్లా తన చుట్టూ ఉన్న జానెడు గాలి ఎంత వెచ్చగా ఉందనేదే. గది సంగతి దానికి తెలియదు. గదిలో ఉన్న నీ సంగతి అసలే తెలియదు. ఈ ముక్క ఒక్కటి గుర్తుంచుకో.

ఫ్రాంక్ కోటు

నా మొదటి బాస్ ఫ్రాంక్. భారీ మనిషి. ఎవరింటికి వెళ్లినా పనిముట్ల సంచి తలుపు దగ్గర పెట్టేసి, కోటు విప్పి, ఒక కుర్చీ అడిగి ఊరికే కూర్చునేవాడు. మొదటి వారం నేను మనసులో "ఇదేం బద్ధకంరా నాయనా" అనుకున్నాను. తెలుగులోనే అనుకున్నాను కాబట్టి ఉద్యోగం నిలబడింది.

ఒకసారి ఒక ముసలావిడ హాలు చల్లగా ఉంటోందని పిలిచింది. ఫ్రాంక్ సోఫాలో కాసేపు కూర్చున్నాడు. లేచి డైనింగ్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత ఆవిడ రోజూ కూర్చునే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వెంటనే కోటు తొడుక్కున్నాడు. కిటికీ సందులోంచి గాలి సన్నగా ఆవిడ మెడ మీదికే కొడుతోంది. థర్మోస్టాట్ నిక్షేపంగా ఉంది. సందు మూసి వచ్చేశాం. మీటరు తీయకముందు నీ ఒంటిని అడగమనేవాడు ఫ్రాంక్.

ఇంకో మాట కూడా చెప్పేవాడు. గోడకి అటువైపు ఏముందో చూడకుండా ఇటువైపు స్క్రూ ముట్టుకోవద్దని. ఈ రెండూ తప్ప ఫ్రాంక్ దగ్గర నేర్చుకోదగ్గవి పెద్దగా లేవు. కోపం ఎక్కువ, ఓపిక తక్కువ, నా డబ్బాలో పులిహోర ఉన్న రోజు మాత్రం దేవుడిలాంటివాడు.

ఎంచుకునేటప్పుడు

బేస్‌బోర్డ్ హీటర్ రెండువందల నలభై వోల్టుల మీద నడుస్తుంది. దాని కరెంటంతా థర్మోస్టాట్‌లోంచే పోతుంది. ఫర్నేస్‌లకి వాడే అందమైన స్మార్ట్ థర్మోస్టాట్లలో చాలావాటికి ఇరవైనాలుగు వోల్టులే అలవాటు. ఈ తేడా చూడకుండా సేల్‌లో కొని, వీడియో చూసి బిగించి, "అంకుల్, ఒక్కసారి బ్లూ లైట్ వచ్చింది, తర్వాత స్మెల్ వచ్చింది" అని ఫోన్ చేసినవాళ్లు నాకు ప్రతి చలికాలం తగిలేవారు. పెట్టె మీద లైన్ వోల్టేజ్ అని ఉందో లేదో చూడటం మొదటి పని. ఆ గదిలో హీటర్లన్నిటి వాట్లు కలిపి, థర్మోస్టాట్ అంత మోయగలదో లేదో చూడటం రెండోది.

డబుల్ పోల్ రకం తీసుకో. అది రెండు వైర్లనీ తెంచుతుంది, ఆఫ్ అంటే నిజంగా ఆఫ్. సింగిల్ పోల్ ఒక వైరునే తెంచుతుంది. ఎంత తగ్గించినా బాగా చలేస్తే తనంతట తనే లేచి కూర్చుంటుంది. పాతకాలపు తిప్పుడు రకం గట్టిదే, కానీ గది కాసేపు ఉడికి కాసేపు వణుకుతుంది. ఎలక్ట్రానిక్ రకం నిలకడగా ఉంచుతుంది. పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న గదికి అదే పెట్టు.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. బయటి గోడకి వద్దు, ఎండ పడేచోట వద్దు, హీటర్ నెత్తిమీద వద్దు, కర్టెన్ చాటున అసలు వద్దు. ఐదడుగుల ఎత్తులో పెడితే గది నడిమి గాలి దానికి తెలుస్తుంది, పిల్లల చేతికీ అందదు.

ఇక ఎనభై ఐదు సంగతి. ఇక్కడి లెక్క ఫారెన్‌హీట్‌లో, గదికి డెబ్బై చిల్లర చాలు. బయటినుంచి వణుకుతూ వచ్చి ఎనభై ఐదుకి తిప్పేవాళ్లని నేను లెక్కలేనంత మందిని చూశాను. ఎంతకి తిప్పినా హీటర్ కాగే వేగం ఒకటే, ఆగే చోటు మాత్రమే మారుతుంది. ఈ మాట డాక్టర్లకి చెప్పాను, ప్రొఫెసర్లకి చెప్పాను, మా ఆవిడకీ చెప్పాను. ముగ్గురూ శ్రద్ధగా విని మళ్లీ ఎనభై ఐదుకే తిప్పారు. నేను మాత్రం ఏ ఇంట్లోనూ ఆ అంకె మీద వదిలి రాలేదు.

చలికాలం ముందు

మెయింటెనెన్స్ అంటే పెద్ద విద్యేమీ కాదు. బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని తేల్చుకుని, హీటర్ రెక్కల మధ్య దుమ్ము వాక్యూమ్‌తో లాగు. థర్మోస్టాట్ మూత తీసి మెత్తటి బ్రష్‌తో దులుపు. వైర్ల ముడులు వదులయ్యాయేమో చూడు. దులపకపోతే మొదటి చలిరోజున ఇల్లంతా మాడువాసన వేసి, మనవాళ్లు పోపు మాడిందని వంటింట్లోకి, అమెరికన్లు ఫైరింజన్ కోసం ఫోన్ దగ్గరికి పరుగెడతారు.

హీటర్ మీద తడి తువ్వాళ్లు ఆరేయొద్దని అందరికీ చెప్పాలి. దోసెల పిండి గిన్నె పెట్టొద్దని మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. పిండి పులుస్తుంది, నిజమే. గిన్నెకి దుప్పటి కూడా కప్పితే హీటర్ లోపలి రక్షణ స్విచ్ వేడికి భయపడి మొత్తం ఆపేస్తుంది. అప్పుడు గది చల్లబడి పిండీ పులవదు.

తెలుగువాళ్ల ఇళ్లకి వెళ్లినప్పుడు నాకు ఇంకో చిక్కుండేది. తలుపు తీసేటప్పుడు నేను పనివాణ్ణి, నోరు విప్పగానే అంకుల్‌ని. నా చేతిలోంచి నిచ్చెన లాక్కునేవారు. టిఫిన్ తినందే బ్రేకర్ ముట్టుకోనిచ్చేవారు కాదు. పెద్దవాడితో పని చేయించుకుంటున్నామన్న మొహమాటంలో అసలు ఫిర్యాదే చెప్పేవారు కాదు. అలాంటి ఇళ్లలో ఫిర్యాదు బయటికి లాగడమే పెద్ద రిపేరు. దానికే ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెప్తాను.

నైరుతి మూల

కొన్నేళ్ల కిందట, నడిచలికాలంలో, అరోరాలో ఒక ఫ్లాట్ నుంచి బెడ్‌రూమ్ హీటర్ పనిచేయడం లేదని మళ్లీ మళ్లీ ఫిర్యాదొచ్చింది. నాకంటే ముందు వెళ్లినవాళ్లు "బీరువా జరపనివ్వడం లేదు" అని చెప్పి తిరిగొచ్చేశారు. అదేం మాటో అర్థంకాక ఒక ఉదయం నేనే వెళ్లాను.

తలుపు తీసినావిడ చీర మీద స్వెటర్, స్వెటర్ మీద శాలువా, తలకి మంకీ టోపీ పెట్టుకుని ఉంది. కళ్లు, ముక్కు తప్ప మనిషి కనబడటంలేదు. హీటర్ కోసం వచ్చానమ్మా అన్నాను.

"అయ్యో, మీరు తెలుగువాళ్లా! రండి రండి. ఏ ఊరండి మీది?"

"తెనాలండి."

"మాది కాకినాడండి. ముందు కాఫీ తాగండి. హీటరెక్కడికి పోద్ది, ఎలాగూ పని చెయ్యట్లేదు."

ఆవిడ పేరు సుభద్రమ్మగారు. కూతురు మౌనిక పురిటికని వచ్చారు. బిడ్డ నెలకి పైగా ముందే పుట్టేసింది. ఆడపిల్ల. అప్పటినుంచి ఆసుపత్రిలో వెచ్చటి అద్దాల పెట్టెలో ఉంది, తల్లి అక్కడే కనిపెట్టుకుని ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరినీ ఇంటికి పంపుతున్నారు. గది వెచ్చగా, నిలకడగా ఉండాలని, ఇంత చిన్నపిల్లలు ఒంటివేడి తామే నిలుపుకోలేరని నర్సు గట్టిగా చెప్పింది. ఇదంతా చెబుతూ ఆవిడ నన్ను ఆ గదిలోకి తీసుకెళ్లారు. కొత్త దుప్పటి పరిచిన చిన్న ఉయ్యాల మంచం ఉంది, పక్కన మడతపెట్టిన పాత చీర ముక్కలున్నాయి. గది మాత్రం నోట్లోంచి ఆవిరి వచ్చేట్టుంది. ఫ్రాంక్ పద్ధతిలో కోటు విప్పబోయి మానేశాను.

కిటికీ కింద హీటర్ చల్లగా పడుంది. గోడలన్నీ వెతికాను, థర్మోస్టాట్ లేదు. ఒక మూల మాత్రం గోడకి అంటుకుని, కప్పుని తాకుతూ ఒక చెక్క బీరువా ఉంది.

"అంకుల్, థర్మోస్టాట్ దాని వెనకుంది" అని వెనకనుంచి వినిపించింది. చెవులకి హెడ్‌సెట్‌తో ఒక కుర్రాడు. సుభద్రమ్మగారి అల్లుడు శ్రీకర్, కరీంనగర్ అబ్బాయి, ఇంటినుంచే ఆఫీసు పని చేస్తున్నాడు.

"మరి సెట్ చెయ్యడం ఎలా నాయనా?"

అతను గర్వంగా ఒక సెల్ఫీ స్టిక్ తెచ్చాడు. చివర రబ్బరు ముక్క బిగించి ఉంది. దాన్ని బీరువా పక్క సందులోంచి దూర్చి, ఫోన్ లైటు వేసి, వెనకున్న థర్మోస్టాట్ నాబ్ తిప్పి చూపించాడు. నేను ఇన్నేళ్లలో అంత చక్కటి పనిముట్టు చూడలేదు. అది అక్కర్లేకుండా బీరువా రెండడుగులు జరపొచ్చు కదా అని అడిగేలోపు మీటింగ్ ఉందని వెళ్లిపోయాడు.

అది ఏ మూలో చూసుకున్నాను. నైరుతి. నాకు కథంతా అర్థమైపోయిందనుకున్నాను. నైరుతిలో బరువుండాలని పెద్దావిడ పట్టుబట్టి ఉంటుంది, అల్లుడు కాదనలేకపోయాడు. కాఫీ తాగుతూ మెల్లగా మొదలుపెట్టాను. అమ్మా, వాస్తు మన ఎండలకి, మన గాలికి ఏర్పడిందమ్మా, ఇక్కడ మంచు వేరు, దిక్కులు అవే అయినా అవసరాలు వేరు అంటూ నాకు తెలిసిన నయగారమంతా వాడాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. కప్పు ఖాళీ అయ్యాక అన్నారు.

"ఎవరికి చెప్తున్నారండి ఇదంతా? నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. కాకినాడలో మా బీరువా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే ఉంది. మీరు మా అల్లుడుగారిని అడగండి."

నాకు కాఫీ పొలమారింది. ఆవిడ ఇంకో మాట అన్నారు.

"మీరు నవ్వనంటే ఒకటి చెప్తాను. నేను పొయ్యి వెలిగించినప్పుడల్లా ఆ గది ఇంకా చల్లబడిపోతోందండి. మొదట్లో నా భ్రమనుకున్నాను. ఇప్పుడు కాదనిపిస్తోంది."

నేను నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి వెనక గోడ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఆ గోడకి అటువైపే బీరువా. ఆవిడ పొద్దుటినుంచీ కూతురికి పత్యం వండి ఆసుపత్రికి పంపుతున్నారు. గోడ వెచ్చబడుతోంది. బీరువా అడ్డంగా ఉండటంతో గదిలో చలి థర్మోస్టాట్‌కి తగలడమే లేదు. దాని చుట్టూ ఉన్న జానెడు గాలి వెచ్చగా ఉంది కాబట్టి, అది ఎండాకాలమనుకుని హాయిగా కూర్చుంది. కూతురికి వండినకొద్దీ మనవరాలి గది గడ్డకడుతోంది.

నేను సగం చెప్పేసరికే ఫిజిక్స్ టీచరుగారికి మిగతాది తెలిసిపోయింది. ఆవిడ స్టూలు మీద కూలబడ్డారు. "అంటే నేను వండబట్టేనా ఇదంతా?" అన్నారు.

"మీరు వండబట్టి కాదమ్మా, బీరువా అక్కడ ఉండబట్టి" అన్నాను.

అల్లుడుగారు

శ్రీకర్ మీటింగ్ ముగించుకుని వచ్చాక అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు, మధ్యలో మంచి ప్రశ్నలు కూడా అడిగాడు. చివరికి "రూట్ కాజ్ అర్థమైంది అంకుల్. కానీ బీరువా జరపను" అన్నాడు.

నేను నవ్వేశాను. అతను నవ్వలేదు.

"అంకుల్, మా టీమ్‌ల సగం మందిని తీసేసిన్రు. నా హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ మీద క్వెరీ వచ్చి ఆగిపోయింది. అప్పుడు మా ఊరి సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేసి ఇల్లు చూపిస్తే, నైరుతి ఖాళీగా ఉంది, బరువు పెట్టమన్నారు. బీరువా పెట్టినం. ఆ వీక్‌లనే అప్రూవల్ వచ్చింది. లేఆఫ్ లిస్ట్‌ల నా పేరు రాలేదు. తర్వాత పాప ముందే పుట్టింది. ఇన్ని రోజుల హాస్పిటల్ అంతా నా ఇన్సూరెన్స్ మీదనే ఉంది అంకుల్. జాబ్ పోతే అదీ పోతది, వీసా పోతది. లాజిక్ లేదని నాకు తెల్సు. నేను పొద్దంతా చేసేదే లాజిక్. కానీ ఇది జరిపి, రేపు ఆ మెయిల్ వస్తే, నన్ను నేను క్షమించుకోలేను."

చెబుతున్నంతసేపూ అతని చెయ్యి బీరువా తలుపు మీదే ఉంది. నాకు చాలా సిగ్గేసింది, చాలా జాలేసింది. ఈ దేశంలో కొత్తలో ఇంటర్వ్యూలన్నిటికీ నేను ఒకే చొక్కా వేసుకుని వెళ్లేవాణ్ణి. మా ఆవిడ ఉతుకుతానంటే ఇచ్చేవాణ్ణి కాదు. అన్వితా, ఇళ్లలోకి వెళ్లినప్పుడు జనం పట్టుకుని వేలాడుతున్నవాటిని చూసి నవ్వబుద్ధేస్తుంది. నవ్వుకో, బయటికొచ్చి వ్యాన్‌లో కూర్చుని నవ్వుకో.

మిగిలిన దారులు చూశాం. థర్మోస్టాట్ ఇంకో గోడకి మార్చాలంటే ఆఫీసు అనుమతి కావాలి, కొత్త వైరు లాగాలి, మర్నాటికి కాదు. చిన్న పోర్టబుల్ హీటర్ కొనుక్కొస్తానన్నాడు శ్రీకర్. అంత పసిదాని మంచం పక్కన దాన్ని పెట్టి నిద్రపోవడం నాకిష్టం లేదన్నాను. 

"ఆ సిద్ధాంతిగారికే ఫోన్ చెయ్యండి అల్లుడుగారూ. అక్కడ భోజనాల వేళే కదా" అన్నారు సుభద్రమ్మగారు.

తెర మీద సిద్ధాంతిగారు బనీనుతో, భుజాన తువ్వాలుతో కనిపించారు. వెనక ఫ్యాను గిర్రున తిరుగుతోంది. శ్రీకర్ ఫోన్ తిప్పి గది చూపించాడు. నేను సంగతి చెప్పాను. ఆయన విని, "సలి ఎంతుంటది అక్కడ?" అన్నారు.

"బయట నీళ్లు పోస్తే కిందపడేలోపే గడ్డకట్టేలా ఉందండి" అన్నాను, కాస్త పెంచే చెప్పాను.

"శ్రీకర్, నేను నైరుతిల బరువుండాలన్న. బీరువనే పెట్టుమన్ననా? గోడకు ఆనిచ్చి పెట్టుమన్ననా?"

"లేదు గురువుగారూ. ఇంట్లో హెవీయెస్ట్ ఐటెమ్ అదేనని…"

"గురువుగారూ, ఇంత బరువని లెక్కేమైనా ఉందాండి?" అని నేను మధ్యలో దూరాను.

"లెక్కేం లేదు. ఒక్క మనిషి అలవోకగ లేపి పక్కకు పెట్టనంత ఉంటే సాలు."

సుభద్రమ్మగారు ముందుకొచ్చారు. "నా సూట్‌కేసులు రెండున్నాయండి. ఎయిర్‌పోర్టులో తూచి, ఇంక ఆవగింజ పట్టదన్నారు. ఇప్పుడు పచ్చళ్లూ పొడులూ తీసేశాక తేలికైపోయాయి."

"మల్ల నింపుండ్రి అమ్మా. గోడకు కింద పెట్టుండ్రి. ముందుగాల ఆ బీరువ జరుపుండ్రి. పసిబిడ్డ సలికి వణుకుతుంటే ఏ దిక్కు కాపాడుతది?"

శ్రీకర్ ఫోన్ దగ్గరగా పెట్టుకుని మెల్లగా అడిగాడు. "జాబ్‌కి ఏం కాదు కదా గురువుగారూ?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "అది నా చేతుల లేదు బిడ్డా. ఉత్త మాట చెప్పి నిన్ను మోసం చెయ్య. బిడ్డ గది మాత్రం నీ చేతుల ఉన్నది" అన్నారు.

శ్రీకర్ ఫోన్ జేబులో పెట్టుకుని, బీరువాలోంచి పట్టుచీరలు తీసి మంచం మీద పెట్టడం మొదలుపెట్టాడు.

పరీక్ష

బీరువా ఎదురు గోడవైపు నెట్టేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఆ గదిలో ఆ రోజు అదే మొదటి వెచ్చదనం. సూట్‌కేసుల్లోకి ఏం వెళ్లాయో చెప్పాలి. ఇంటర్వ్యూ పుస్తకాలు, ఒక బియ్యం బస్తా, కొత్త సంవత్సరానికి కొని ఒక్కసారీ ఎత్తని డంబెల్స్. రెండు సూట్‌కేసులనీ ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి నైరుతి మూలకి నెట్టాం. వాటికి చాలా పైన, రబ్బరు మరకలతో, పాపం థర్మోస్టాట్ వెలుగులోకి వచ్చింది.

బ్రేకర్ ఆపి, దాన్ని విప్పితే వైరు వచ్చే రంధ్రంలోంచి వంటింటి గోడ వెచ్చదనం వేలికి తగిలింది. ఆ రంధ్రం మెత్తటి పుట్టీతో మూశాను. వెనక పల్చటి ఫోమ్ ముక్క పెట్టి, వ్యాన్‌లో ఉన్న ఎలక్ట్రానిక్ డబుల్ పోల్ థర్మోస్టాట్ బిగించాను. ఐదడుగుల ఎత్తు కాబట్టి పిల్లల చేతికి అందదని శ్రీకర్‌కి చెప్పాను. హీటర్ రెక్కల్లో దుమ్మంతా లాగేశాను. బ్రేకర్ వేసి డెబ్బై రెండుకి పెట్టాను. టక్‌మంది. కాసేపటికి రేకు వేడికి సాగుతూ టిక్కు టిక్కుమనడం మొదలైంది.

నేను కుర్చీ అడిగి, కోటు విప్పి, గది వెచ్చబడి అంకె డెబ్బై రెండుకి చేరేదాకా కూర్చున్నాను. సుభద్రమ్మగారు "ఉండండి, పరీక్ష చెయ్యాలి కదా" అని వంటింట్లోకి వెళ్లి అన్ని పొయ్యిలూ వెలిగించారు. ఒకదాని మీద పప్పు, ఒకదాని మీద పులుసు, ఒకదాని మీద ఊరికే నీళ్లు. మధ్యమధ్య వచ్చి థర్మోస్టాట్ మీద అంకె చూసి వెళ్తున్నారు. పప్పు ఉడికింది, పులుసు మరిగింది, అంకె కదల్లేదు. అప్పుడావిడ మంకీ టోపీ తీశారు. నెరిసిన జుట్టుతో, గుండ్రటి ముఖంతో ఇంకో మనిషి బయటపడింది. తీసిన టోపీని చేతికందిన చోట తగిలించారు, సరిగ్గా థర్మోస్టాట్ మీద.

నేను దాన్ని తీసి ఆవిడ చేతికిచ్చాను. ఫిజిక్స్ టీచరుగారు నాలుక కరుచుకున్నారు. శ్రీకర్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

మర్నాడు సాయంత్రం, పనేమీ లేకపోయినా, ఆ దారినే పోతున్నట్టు వెళ్లాను. మౌనిక మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. పాప రెండు చేతుల్లో ఇమిడిపోయేంత ఉంది. ఉయ్యాల మంచంలో, గుడ్డలోంచి ఒక పిడికిలి బయటపెట్టి నిద్రపోతోంది. హీటర్ టిక్కుటిక్కులు మాత్రం వినిపిస్తున్నాయి. ఆ పిడికిలి గులాబీ రంగులో వెచ్చగా ఉందని చూడగానే తెలుస్తోంది. నా కళ్లు తడిశాయి. అంతమంది ముందు కళ్లు తుడుచుకోలేక, కిందకి వంగి హీటర్ మూత సర్దాను. అది సర్దాల్సిన అవసరం లేదు.

ఆ తర్వాత

శ్రీకర్ ఉద్యోగం ఏమైందని అడుగుతావు. పోయింది. ఆ ఎండాకాలంలోనే పోయింది. ఆ మాట విన్నాక, ఫోన్ చెయ్యాలా వద్దా అని రెండురోజులు తటపటాయించి చేశాను.

"అంకుల్, మీరు బీరువా గురించే అడుగుతరని తెల్సు" అన్నాడు. "మెయిల్ చూసినంక పాప పక్కన పోయి కూసున్న. మంచిగ నిద్రపోతుంది, చేతులు వెచ్చగున్నయి. ఒక్కసారి కూడా అయ్యో జరిపినమే అని అనిపించలేదు."

వీసా గడువు లోపలే, దూరాన పిస్కాటవేలో ఇంకో ఉద్యోగం దొరికింది, అటు వెళ్లిపోయారు. అక్కడ ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు, బెడ్‌రూమ్ గోడకి అటువైపు ఏముందని అతను అడిగితే లీజింగ్ ఆఫీసు అమ్మాయి తెల్లబోయిందట. సుభద్రమ్మగారు కాకినాడ వెళ్లేటప్పుడు అల్లుడు ఆవిడకి కొత్త సూట్‌కేసులు కొనిచ్చాడు. పాతవి కొత్త ఫ్లాట్‌లో కూడా నైరుతికే చేరాయి, బియ్యంతో సహా.

పోయిన చలికాలం అతను ఒక ఫోటో పంపాడు. పాప ఆ సూట్‌కేసులెక్కి, మునివేళ్ల మీద నిలబడి, రెండు చేతులతో థర్మోస్టాట్ మీటలు నొక్కుతోంది. కింద ఇలా రాశాడు: "అంకుల్, ఐదడుగుల ఎత్తులో పెడితే పిల్లలకి అందదన్నారు. సూట్‌కేసుల సంగతి చెప్పలేదు."

వెంటనే ఫోన్ చేశాను. వెనక పాప కేరింతలు వినిపిస్తున్నాయి. ఎంతకి పెట్టిందని అడిగాను.

"ఎనభై ఐదు అంకుల్. తగ్గించాలా?"

"ఈ పూటకి ఉండనివ్వు" అన్నాను.